కోతి ఒంటె అయిన పొద్దు

తునికాకు కట్ట విప్పి నీళ్ళ బొక్కెనలో ముంచి తీసి, రెండుసార్లు దులిపి, తడి గోనెసంచి మీద పరుచుకుంట పోతున్నది రేణుక. ఇంట్లో పెండ్లయినా పురుడైనా ఆకు మాత్రం తడవాల్సిందే. ఇయ్యాల తడిపితే రేపటికి మెత్తబడుతది, మెత్తబడితేనే కత్తెరకు లొంగుతది, కత్తెరకు లొంగితేనే అత్త చాటలో బీడీ అయితది. కోరుట్లలో ఈ గల్లీలో ఏ గుమ్మం ముందు నిలబడ్డా ఇదే వాసన, తడి ఆకూ తంబాకూ కలిసిన వాసన. సిరిసిల్ల నుంచి కోడలుగా వచ్చిన కొత్తలో ఆ వాసనకు తల తిరిగేది, ఇప్పుడు ఉన్నదో లేదో కూడా తెలుస్తలేదు, తెలుస్తలేదు గనుకనే ఆమెకు భయం. గూట్లో పసుపు డబ్బా పక్కన, రెండు కవర్లలో చుట్టి పెట్టిన ఊలు బూట్లకు ఆ వాసన పట్టిందేమో. పసిపిల్ల చేతికి ఏది దొరికితే అది నోట్లోకే పోతది. జగిత్యాలలో ఉన్న ఇరవై ఒక్క రోజుల పిల్ల మేనమామ ఇంటి రుచి మొదటిసారి చూడబోతున్నది, ఆ రుచి బీడీది కావద్దు. అందుకే ఇన్ని రోజులూ సూది పట్టే ముందు మూడుసార్లు చేతులు కడిగింది, ఒకసారి గిన్నెల సబ్బుతో, ఒకసారి ఒంటి సబ్బుతో, ఆఖరికి పిండేసిన నిమ్మచెక్కతో. అత్త చూసి, "ఏం పిల్లా, పూజకు పోతున్నవా, ఆపరేషన్ చెయ్యవోతున్నవా?" అని నవ్వింది.

పిల్ల పుట్టకముందే మొదలుపెడితే ఈ తొందర ఉండకపోవు. కానీ కడుపులో ఉన్న పిల్లకు కుట్టద్దు, అల్లద్దు, తొట్టెల కొనద్దు, పేరు సుత అనుకోవద్దు, ఏదైనా భూమ్మీద పడ్డంకనే అని అత్త మొగిలవ్వ కట్టడి. ఎనిమిదో నెలలోనే కోరుట్ల బజారులో మట్టిరంగు ఊలు ఒక ఉండ, పాలమీగడ రంగుది ఒక ఉండ కొన్నది రేణుక, కొన్నట్టు ఎవరికీ చెప్పకుండ చీరల మడతలో దాచింది. ఆ దారం అక్కడ దొంగసొత్తులాగ ఊపిరి బిగబట్టుకోని నెలన్నర ఉన్నది. ఆడపిల్ల పుట్టిందని జగిత్యాల నుంచి ఫోను వచ్చిన రాత్రే కొక్కెం సూదితో మొదటి గొలుసు వేసింది. పద్నాలుగు కన్నెలు, తిప్పి మళ్ళీ పద్నాలుగు, కొసకు వచ్చినకాడ మూడు కన్నెలు ఒక్క రంధ్రంలో వేస్తే అరికాలు గుండ్రంగ తిరుగుతది. ఈ లెక్క ఆమెకు సిరిసిల్ల బడిలో రత్నమాల టీచర్ నేర్పింది, నేర్పింది అనడం కన్నా చూడనిచ్చింది అనాలె. పరీక్షలప్పుడు చాక్‌పీసుల డబ్బా వెనుక సూదిని దాచుకోని టీచర్ అల్లుతుంటే, లెక్కల పేపరు సగంలో ఆపి రేణుక ఆ వేళ్ళనే చూసేది. ఆ పేపరులో ముప్పై రెండు వచ్చినయి. టీచర్ పేపరు చేతికిచ్చుకుంట, "నా మూలంగనే పోయినయి ఈ మార్కులు," అని మెల్లగ చెప్పి, మరునాడు ఒక పాత సూది తెచ్చి ఇచ్చింది. ఇప్పటికీ అదే సూది, పట్టుకునేకాడ అరిగి నున్నగైంది.

ఆకును సంచిలో చుట్టుడు అయిపోయింది. గోనెసంచి మీద రాయి పెట్టి లేచి, మూడోసారి నిమ్మచెక్క రుద్దుకుంట వాకిట్లోకి చూసింది. గద్దె మీద మామ, లస్మయ్య, అదే లుంగీ, అదే బనీను, నోట్లో వేపపుల్ల. పొద్దటి సంది ఆ పుల్లనే నములుతున్నడు, అది పుల్ల పోయి కుంచె అయింది. తొమ్మిదింటి బస్సుకు జగిత్యాల పోవాలని ఇంట్లో అందరికీ ఎరుకే, గోడకూ ఎరుకే. నేను రాను అని ఆయన ఒక్కసారి కూడా అనలేదు. లుంగీ మార్చలేదు, అంతే. ఆ లుంగీయే ఆయన జవాబు. తొలి కాన్పు తల్లిగారింట్లో కావాలె, కానీ ఆయన బిడ్డ రచన రాలేదు. "బాపు వచ్చి పిలుస్తే వస్త," అన్నది, బాపు పోలేదు, ఏడో నెల పోయింది, ఎనిమిదో నెల పోయింది, కాన్పు అత్తగారింట్లోనే అయింది, గల్లీలో ఆడోళ్ళంతా బీడీకి దారం చుట్టుకుంట ఆ ముచ్చట కూడా చుట్టిండ్రు. ఇయ్యాల పిల్లను తొట్టెలలో వేసే పండుగ. ఇయ్యాల తండ్రి పోయి నిలబడితే పిల్లను ఎత్తుకోని మూడు నెలలు ఇక్కడ ఉండేటట్టు వస్తది రచన. పోకపోతే రాదు. మొండితనంలో ఇద్దరిదీ ఒకటే సాలు.

ఆ మొండిది నవ్వితే మాత్రం చూడాలె. కడుపుతో నాలుగో నెలలో కొండగట్టు హనుమంతుని గుడికి పోయినప్పుడు ఎట్ల నవ్వింది! అత్త దర్శనం లైనులో ఉన్నది, వదినా మరదండ్లు ఇద్దరూ మెట్ల పక్కన రాయి మీద కూర్చున్నరు, కాలు గుంజుతున్నదని రచన ఒక చెప్పు విడిచింది, ఎక్కడినుంచి వచ్చిందో ఒక కోతి, ఆ చెప్పు ఎత్తుకోని గోడెక్కి కూర్చున్నది. వాసన చూసింది, అటు తిప్పి ఇటు తిప్పి చూసింది, బేరానికి వచ్చిన ముసలమ్మ తీరుగ మూతి విరిచింది. అరటిపండు చూపిస్తే పండు తీసుకున్నది, చెప్పు ఇయ్యలేదు. రచన ఒంటిచెప్పుతో నిలబడి, కడుపు పట్టుకోని, కండ్లెంట నీళ్ళు కారంగ నవ్వింది. "వదినె, అంజన్న నా చెప్పడిగిండే! ఇగ నా బిడ్డను అంజన్ననే నడిపియ్యాలె." ఆ నవ్వే, ఆ కోతే, ఇరవై రోజుల సంది రేణుక వేళ్ళ మీద తిరిగినయి. మట్టిరంగు ఒళ్ళు, మీగడరంగు మొఖం, రెండు గుండ్రటి చెవులు, మడమ కాడ వంకర తోక. రచన చూసి మళ్ళీ అట్లనే నవ్వాలె. ఎందుకంటే ఆ రోజు దిగేటప్పుడు అదే మెట్ల మీద రచన ఇంకో మాట కూడా అన్నది, నవ్వుకుంట కాదు. తన పెండ్లినాడు బాపు సౌదీలో ఉండె, కఫీలు, అక్కడి యజమాని, సెలవియ్యలేదు, మూఢం వస్తున్నదని పంతులు ఆగనియ్యలేదు, చిన్నాయన సారయ్య కాళ్ళు కడిగి కన్యాదానం చేసిండు. అన్న ఫోను పట్టుకోని బాపుకు అంతా చూపించిండు. "జిలకర బెల్లం పెట్టేటప్పుడు ఫోన్ల చూసిన వదినె. బాపు లేడు. ఉత్త ఆకాశం. బాపూ బాపూ అంటే పలుకలే. కోపానికి మొఖం తిప్పుకున్నడు. నా పెండ్లికి నా బాపు ఆకాశాన్ని చూపిచ్చిండు." ఆరు నెలలకు బాపు వచ్చిండు, బిడ్డకని పెద్ద కంబలి తెచ్చిండు, ఇయ్యలేదు, జిప్పు సంచిలో ఉన్నది ఉన్నట్టు బీరువా మీద ఎక్కించిండు. రెండున్నరేండ్లయింది. అన్న పెండ్లికి, అంటే రేణుక పెండ్లికే, బిడ్డ వచ్చి ఎదురుగ నిలబడితే కూడా, ఎక్కడో పైన ఎండిన కొబ్బరిమట్టను చూసుకుంట ఆయన "ఆ... మంచిదే" అన్నడట. ఆ మంచిదే ఏందో, ఎవరికి మంచిదో.

"ఏది పిల్లా, ఇగనన్న చూపియ్యి. రహస్యం రహస్యం అని ఇర్వై దినాలాయె," అనుకుంట మొగిలవ్వ తడి జుట్టుకు తువ్వాల చుట్టుకోని వచ్చింది. కొత్త చీర, కొంగులో అప్పుడే కుడుకలు, బెల్లం కట్టిన మూట. రేణుక కవర్లు విప్పి అరచేతిలో పెట్టింది. అత్త రెండు బూట్లూ తీసుకోని, దేవుని ప్రసాదమైనా, మనుమరాలి బూటైనా ఆమెకు ఒకటే అలవాటు, ముందు కండ్లకద్దుకున్నది. తరువాత చూసింది.

"ఎంత ముద్దుగున్నయే! గిదేం జీవి?"

"కోతి, అత్తా."

మొగిలవ్వ తోక ముట్టింది. చెవులు ముట్టింది. మొఖంలో వెన్నెల పోయి మబ్బు వచ్చింది. "అయ్యో, కొండగట్టు అంజన్నా! నేను కండ్లకద్దుకున్న దేవుణ్ని నువ్వు పిల్ల కాళ్ళకు తొడుగుతవా?"

"దేవుడు కాదత్తా, ఉత్త కోతి."

"ఉత్త కోతి యాడుంటదే మన జిల్లల? ఉన్నవన్నీ అంజన్నవే. అండ్ల గా పిల్ల పుట్టిందే అంజన్న మొక్కుకు! రేపు పిల్ల ఉచ్చ పోస్తే ఎవల మీద పడుతది? ఆలోచించినవా?"

ఆలోచించలేదు. ఇరవై రోజులు ఒక్కో కన్నె లెక్కబెట్టి అల్లింది, ఈ ఒక్కటీ ఆలోచించలేదు. ఎందుకో నవ్వు వచ్చింది, పెదవి కొరుక్కోని ఆపుకున్నది. గడియారంలో ఏడున్నర. అరికాలు బాగనే ఉన్నది, మడమ బాగనే ఉన్నది, మొఖం ఒక్కటి మారిస్తే చాలు, కానీ ఎవరి మొఖం? ఏనుగు అంటే గణపతి. ఎలుక అన్నా గణపతే. సింహం అనే లోపలే ధర్మపురి నర్సిమ్మస్వామి గుర్తుకువచ్చి తనే నాలిక కరుచుకున్నది. కోడెదూడ మాట ఎత్తంగనే అత్త, "ఎములాడ రాజన్న కోడెను కాళ్ళకు కడ్తవా, నెత్తి పలుగుతది," అన్నది. బర్రె నల్లగ ముద్దుగ ఉంటది, కానీ తొట్టెల పొద్దు యముని బండిని ఇంట్లోకి ఎవరు తోలుతరు? పిల్లి ఎదురొస్తేనే ప్రయాణం ఆపుకుంటమాయె, నడిచే కాళ్ళకే పిల్లిని కడితే పిల్ల గడప దాటేదెట్ల? ఈ రెండు జిల్లాల్లో ఖాళీగ ఉన్న జంతువు ఒక్కటి లేదు, ప్రతిదాని మీదా ఎవరో ఒక దేవుడు ఎక్కి కూర్చున్నడు, బస్సులో కిటికీ సీట్ల లెక్క ముందే తువ్వాలలు వేసిపెట్టిండ్రు. "గాడిద?" అని గొణిగింది రేణుక. "పెట్టు, మంచిగుంటది. వియ్యంపురాలు బాలమణి నోరు నీకెరుకలేదు. పిల్లకు పదారేండ్లు వచ్చినా 'తల్లిగారోళ్ళు గాడిదను పంపిండ్రు' అంటనే ఉంటది," అని మొగిలవ్వ నెత్తి తుడుచుకుంట లోపలికి పోయింది, పోయి మళ్ళీ తల బయట పెట్టి, "మంచిగనైతే అల్లినవ్ పిల్లా. అంజన్ననే అయిండు, ఏం చేద్దాం," అన్నది.

అర్రలో కింద కూర్చోని, కత్తెర మొనతో చెవుల కుట్లు తెంపింది. ముందు కుడి కాలి కోతివి, తరువాత ఎడమ కాలి కోతివి. నాలుగు చెవులు ఒళ్ళో రాలినయి, నాలుగు చిన్న బటాణీ గింజలు. తెంపిన దారం కొసను వేలికి చుట్టుకుంట ఉంటే సిరిసిల్ల యాదికొచ్చింది, యాదికి రావడమేమున్నది, మరమగ్గాల సాంచలు ఆమె చెవుల్లో ఎప్పుడూ నడుస్తనే ఉంటయి, టకటక టకటక, పండుగకు పోయి మూడు రోజులుంటే ఆ చప్పుడుకే నిద్ర పడుతది. నాయిన నర్సింగం ఎనిమిది సాంచల నడుమ తిరిగేటోడు. ఎక్కడ పోగు తెగినా సాంచ ఆగకముందే ఆయన చెవికి తెలిసేది. పోయి, ముందుకు వంగి, తెగిన రెండు కొసలనూ వెతికి పట్టి, మధ్యవేలు మీద తిప్పి కలిపేటోడు. కొసలు దొరకవట్టుడే పని బిడ్డా, ముడేసుడు ఎవలన్న ఏస్తరు, అనేటోడు. చిన్నప్పుడు అది సాంచ ముచ్చటే అనుకున్నది. ఇప్పుడు ఈ చెవుల్లేని మొఖాన్ని చూస్తే, మట్టిరంగు తల, ముందు మీగడరంగు మూతి, అది కోతీ కాదు, ఏదీ కాదు, ఏదైనా కావడానికి సిద్ధంగ ఉన్నది. ఇంకో నాలుగు వరుసలు వేస్తే మూతి పొడుగైతది. పొడుగు మూతి ఎవరిది? బీరువా తలుపుకు తాళంచెవి వేలాడుతున్నది, గాలికి చిన్నగ ఊగుతున్నది, దాని చివర మామ సౌదీ నుంచి తెచ్చిన ఇత్తడి బిళ్ళ. ఏడాదిన్నర సంది రోజూ ఆ తాళంచెవి తిప్పుతున్నది, ఒక్కరోజు కూడా ఆ బిళ్ళను చూడలేదు. ఒంటె! ఇక్కడ ఏ దేవుడు ఎక్కుతడు ఒంటెను? లేచి పోయి ముట్టుకోని చూసింది. మూపురం ఉన్నది, నాలుగు కాళ్ళున్నయి, కానీ మూతి కాడ చేతులు తాకీ తాకీ అరిగిపోయింది.

"అత్తా, ఒంటె మీద ఏ దేవుడొస్తడు?"

లోపల దువ్వెన ఆగింది. చాలాసేపు ఆలోచించింది మొగిలవ్వ, అన్ని గుళ్ళూ తిరిగి వచ్చినంత సేపు. "ఒంటె మీదనా? ఎవ్వలు యాదికస్తలేరు. ఒంటె ఖాళీనే ఉన్నట్టుంది."

పెనిమిటి మధుకు మెసేజ్ పెట్టింది, ఒంటె మొఖం దగ్గరికెళ్ళి ఫోటో తీసి పంపుమని. దుబాయ్‌లో ఇంకా ఆరున్నర కూడా కాలేదు, పనికి తీసుకుపోయే బస్సులో ఉండి ఉంటడు. వెంటనే మాట వచ్చింది, వెనుక పదిమంది నవ్వులతో సహా: "ఒంటెనా? ఏడాది దాటింది వచ్చి, అద్దాలు బిగిచ్చుడు, అద్దాలు తుడుసుడు, ఒంటె నీడ గూడ చూడలే రేణూ. బాపు నడుగు. ఆరేండ్లు వాటి నడుమనే పన్నడు." రెండుసార్లు విన్నది. బాపు నడుగు అనడం ఎంత సులువు! ఈ ఇంటికి వచ్చినప్పటి సంది మామతో ఆమె మాట్లాడినవి రెండే మాటలు, మామా చాయ్, మామా అన్నం. ఆయన అన్నదీ ఒకటే మాట, పెట్టు బిడ్డా. కోపమేమీ లేదు, ఆయన మాట్లాడడు, తను మాట్లాడది, అంతే. ఒకే ఇంట్లో ఉన్న రెండు మౌనాలు ఒకదానికొకటి తగలకుండ పక్కకు జరిగి దారి ఇచ్చుకుంటయి. మూడో మాట ఎట్ల మొదలుపెట్టాలె? ఎనిమిది కావొస్తున్నది. అల్లే సూదినీ కుట్టు సూదినీ కొప్పులో గుచ్చుకోని, దారాలు కొంగులో వేసుకోని, చెవుల్లేని బూటును చేతిలో పట్టుకోని వాకిట్లోకి నడిచింది, బడిలో లెక్క తెలియక టీచర్ టేబుల్ దాకా నడిచినట్టు.

"మామా, ఒంటె మూతి ఎట్లుంటది?"

వేపపుల్ల ఆగింది. లస్మయ్య ఆమె మొఖం చూసిండు, చేతిలోది చూసిండు, చెయ్యి చాపిండు. బూటు ఆయన రెండు వేళ్ళ మీద సరిపోయింది. తిప్పి చూసి, "చెవులు పీకిన కోతి తీరుగున్నది గదా," అన్నడు.

"కోతే మామా. అంజన్నను కాళ్ళకేస్తవా అని అత్త కోపమైంది. తొమ్మిదింటి బస్సుకు ఒంటె కావాలె."

ఆయన గొంతులో ఏదో కదిలింది. దగ్గనుకున్నది. కాదు, నవ్వు. పుల్ల పక్కకు పారేసిండు. "మూతి పొడుగు చేస్తే అయిపోదు బిడ్డా. పై పెదివి నడుమకు చీలుతది, కుందేలుకు తీరుగ. అది చీలుస్తనే ఒంటె. కింది పెదివి జారి ఉంటది, అలిగిన ముసల్దాని లెక్క."

"ఎవలా ముసల్ది?" అన్నది లోపలి నుంచి గొంతు.

"ఒంటె ముచ్చటనే," అన్నడు లస్మయ్య. "ఇగ కండ్లు. రెప్పలు రెండు వరుసలుంటయి, ఇసుక పడకుండ. ఇంత పొడుగు. ఆడపిల్లలకు గూడ ఉండయి గసొంటియి." రేణుక గద్దె అంచున కూర్చున్నది, కొప్పులోంచి అల్లే సూది తీసింది. మూతి మీద మూడు వరుసలు వేసి, నడుమ ఒక కన్నె వదిలి లాగింది, పెదవి చీలింది, నిజంగనే చీలింది, ఎక్కడినుంచో ఒక ఒంటె తల పెట్టి చూసింది. నల్లదారం కుట్టు సూదిలోకి ఎక్కించి రెప్పలు కుట్టుకుంట, "మూపురం ఎంత పెట్టాలె మామా?" అని అడిగింది. "పుట్టిన పిల్లకు మూపురమెక్కడిది? ఉత్త తోలు సంచి తీరుగ పక్కకు ఒరుగుతది. గట్టిగ కుట్టకు, వదులుగ ఉండనియ్యి."

"పుట్టంగ చూసినవా?"

"చూసుడేంది. నా చేతులల్లనే పడ్డది." చేతులు రెండూ ముందర పెట్టుకోని వాటిని చూసుకున్నడు. "మాఘమాసం. రచన లగ్గం పొద్దు."

నల్లదారం సగంలో ఆగింది. లోపల దువ్వెన కూడా ఆగింది. లస్మయ్య వాకిట్లో ముగ్గుతో మాట్లాడినట్టు మాట్లాడిండు. "ఫోను ఎడమ చేతుల ఉండె. మధుగాడు చూపిస్తనే ఉన్నడు, పందిరి, బాసింగాలు, సారిగాడు కాళ్ళు కడుగుడు. గప్పుడే గా తల్లి ఒంటె పండుకున్నది, ఒకటే అరుసుడు. పిల్ల ముందటి కాళ్ళు వచ్చినయి, తల వస్తలేదు. కనుచూపు మేర మనిషి లేడు. ఫోను ఇసుకల పెట్టిన. రెండు చేతులు కావాలె గదా బిడ్డా. రెండు చేతులు కావాలె. పిల్ల బయటపడి ఊపిరి పీల్చినంక చూస్తే ఫోను బందైంది. ఆడ పుస్తె కట్టుడు సుత అయిపోయింది." బనీను అంచుతో మొఖం తుడుచుకున్నడు. "కన్నబిడ్డ లగ్గం ఇడిశిపెట్టి, కఫీలు ఒంటెకు పురుడు పోసిన అని ఏం మొఖంతోని చెప్పాలె? వీళ్ళంత నాకు కోపమచ్చిందనుకున్నరు. అనుకోనియ్యి అనుకున్న. సిగ్గుకన్న కోపానికే జర మర్యాదుంటది."

రేణుకకు ముందు ఒక్క ఆకాశమే కనబడ్డది. రచన చెప్పిన ఆకాశం. దాన్ని ఆమె ఇన్ని నెలలు మనసులో తిప్పి చూసుకున్నది, తిప్పుకున్న మొఖం అంత ఆకాశం ఎట్ల అయితదా అని. ఇసుకలో వెల్లకిల పడున్న ఫోనుకు ఆకాశం కాక ఇంకేం కనబడుతది! ఒక కొస కొండగట్టు మెట్ల మీద దొరికింది, ఒక కొస ఇక్కడ గద్దె మీద. చెప్పాలె, ఈ నాలుగో మాట కూడా చెప్పాలె.

"రచనకు ఆకాశమే కనవడ్డదట మామా."

"ఏందీ?"

"ఫోన్ల. నువ్వు కనవడలేదట, ఉత్త ఆకాశమే. మొఖం తిప్పుకున్నవనుకున్నది. మా బాపు నాకు ఆకాశాన్ని చూపిచ్చిండు అన్నది."

ఇన్నేండ్లు తను ఏం దాచిండో లస్మయ్యకు ఎరుకే, అవతల బిడ్డ ఏం చూసిందో ఎరుకలేదు. గల్లీలో అరటిపండ్ల బండి పోయింది, ఎవరో బేరమాడిండ్రు, బండి మళ్ళీ కదిలింది. లేచి, రేణుక తల మీద చెయ్యి పెట్టబోయి, పెట్టక, లోపలికి పోయిండు. కాసేపటికి స్నానాలగదిలో నీళ్ళ చప్పుడు వినబడ్డది, చెంబుతో కాదు, బొక్కెన ఎత్తి కుమ్మరించుకున్న చప్పుడు.

తలుపు కాడ మొగిలవ్వ నిలబడ్డది. సగం జడ అల్లింది, సగం భుజం మీద విరబోసుకోని ఉన్నది. "ఇన్నవా పిల్లా? రెండున్నరేండ్లు. పక్కన పండి ఒక్క ముచ్చట చెప్పలే. నేనేమో గా కంబలి మీద వారం వారం దుమ్ము దులుపుకుంట, 'ఇంత కోపమా, ఇంత కోపమా' అని తిట్టుకుంట..." కొంగుతో ముక్కు తుడుచుకోని, ఒక్కసారే నవ్వింది. "ఒంటెకు పురుడు పోసిండట! నాకు రెండు కాన్పులైనయి, రెండుసార్లూ బయట బీడీ తాగుకుంట కూసున్నడు."

రేణుక నవ్వుకుంట మడమ కాడి తోకను కత్తిరించి, కొసకు చిన్న కుచ్చు కట్టింది. వదులు మూపురం ఒకటి, సంచిలాగ, పక్కకు ఒరిగేటట్టు. కుడి కాలి ఒంటె అయిపోయింది. అరచేతిలో పెట్టి చూసింది. జారిన కింది పెదవితో, పొడుగు రెప్పలతో అది ఎవరినో అడగరాని ప్రశ్న అడగబోతున్నట్టు చూసింది. కోతి ఎప్పుడన్న ఇందులో ఉన్నదంటే ఎవరూ నమ్మరు. రచన నవ్వుతదా? నవ్వుతది. కోతి ముచ్చట కూడా చెప్పాలె, చెవులు నాలుగూ కాయితంలో కట్టుకోని పోయి చూపియ్యాలె, అప్పుడు ఇంకా నవ్వుతది, ఆ తరువాత ఏడుస్తది, ఆ తరువాత పిల్ల ఏడుస్తది. ఎడమ కాలిది సూది మీదనే ఉన్నది, మూతి రెండు వరుసలయింది, పెదవి ఇంకా చీలలేదు, కండ్లు లేవు. గడియారంలో ఎనిమిదిన్నర. వేళ్ళు వాటంతట అవే నడుస్తున్నయి, టకటక టకటక.

తెల్ల ధోతి, మడతలు విప్పని తెల్ల అంగీ, నూనె పెట్టి దువ్విన నాలుగు వెంట్రుకలు. లస్మయ్య అర్రలోకి వచ్చి బీరువా ముందర స్టూలు వేసిండు. "జారుతది, పైలం," అన్నది మొగిలవ్వ. స్టూలెక్కి, జిప్పు సంచిలో ఉన్న కంబలిని రెండు చేతులతో దించిండు, పసిపిల్లను దించినట్టు. భుజం మీది తువ్వాలతో సంచి నలుమూలలా తుడిచిండు. దుమ్మేమీ లేదు, అయినా తుడిచిండు. తరువాత రేణుక ముందర కూర్చోని, ఆమె ఒళ్ళో ఉన్న ఒంటెను తీసుకున్నడు. పై పెదవి చీలిక మీద బొటనవేలు పెట్టి చూసిండు. రెప్పలను ముట్టిండు. ఎడమ కాలిదాని కోసం చెయ్యి చాపి, అది ఇంకా సూదికే వేలాడుతున్నదని చూసి, చెయ్యి వెనుకకు తీసుకున్నడు. సంచి జిప్పు ఒక జానెడు తీసి, కంబలి మడతల మీద ఆ ఒక్క ఒంటెను మూతి బయటికి ఉండేటట్టు కూర్చోబెట్టిండు.

"తొమ్మిదింటికి గదనయ్యా బస్సు, ఆగు, జడన్న ఏసుకోనియ్యి," అన్నది మొగిలవ్వ. రేణుక దారం ఉండను కొంగులో వేసుకోని, అల్లుతున్న బూటు అల్లుతున్నట్టే పట్టుకోని లేచింది. మిగిలిన ఒంటె జగిత్యాల చేరే లోపల బస్సులోనే పుడుతది. లస్మయ్య కంబలి సంచిని రెండు చేతుల మీద ఎత్తుకోని, గడప కాడ చెప్పులు తొడుక్కోని, తల వంచి గుమ్మం దాటి పోయిండు.